ఆరు ఫోన్లకు ఒక్క ధ్యానం

మా గదిలో ధ్యానం ఉదయం ఆరుంబావుకి మొదలయ్యేది. ధ్యానం ఫోన్లు చేసేవి. మేం కొందరం దుప్పటి కింద ఉండేవాళ్లం, కొందరం బకెట్లు పట్టుకుని బాత్రూం వరసలో ఉండేవాళ్లం.

అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్, మూడో అంతస్తులో గది, ఆరుగురం. మూడు ఇనుప మంచాలు, ఒక్కోటి రెండంతస్తులది. ఛార్జింగ్‌కి ఒక్కటే ఎక్స్‌టెన్షన్ బోర్డు. అది కిటికీ పక్క కింది మంచం కాళ్ల దగ్గర ఉండేది కాబట్టి ఆరు ఫోన్లూ అక్కడికే చేరేవి. ఆ మంచం మీద పడుకునే పిల్ల మా అందరిలోకీ చిన్నది. మెదక్ వైపు నుంచి వచ్చింది, వాళ్లది వ్యవసాయం. డిగ్రీ అయిపోగానే జావా నేర్చుకుందామని హైదరాబాద్ బస్సెక్కింది. పొద్దున్నే లేచే అలవాటు. ఆరుంబావుకి ఆరు ఫోన్లలోనూ ఆ యాప్ తెరిచి, ఒకదాని తర్వాత ఒకటి నొక్కుకుంటూ పోయేది. అందులో ఒకావిడ చాలా నెమ్మదిగా మాట్లాడేది. మొదటి ఫోన్‌లో "మీ శ్వాసను గమనించండి" అంటుంటే రెండో ఫోన్‌లో ఇంకా "హాయిగా కూర్చోండి" దగ్గరే ఉండేది. ఆరో ఫోన్ దాకా వచ్చేసరికి ఆవిడ ఆరుగురై, ఒకర్నొకరు తరుముకుంటూ మమ్మల్ని ఊపిరి పీల్చమనేది. దుప్పటి కింద నాకు నవ్వాగేది కాదు.

ఆ పది నిమిషాల్లో మూడు నాలుగు సార్లు తెర మీద ఒక చిన్న చుక్క వచ్చేది. వినేవాళ్లు నిజంగా అక్కడ ఉన్నారో లేదో చూడ్డానికి పెట్టారు. దాన్ని వేలితో తాకాలి. తాకకపోతే ఆ రోజు ధ్యానం చేసినట్టు కాదు. ఆరు ఫోన్లలోనూ ఆ చుక్క ఒకేసారి రాదు కదా. అందుకని ఆ పిల్ల మోకాళ్ల మీద కూర్చుని, ఏ ఫోన్‌లో వస్తుందా అని అటూ ఇటూ చూస్తూ పది నిమిషాలూ గడిపేది. ఆరుగురి ధ్యానమూ చేసిన మనిషి ఒక్కరోజు కూడా కళ్లు మూసుకోలేదు.

తమాషాగా చెబుతున్నాను గానీ నేను రాయాలనుకున్నది తమాషా కాదు. ఆ ఐదు వారాల్లో ఆ పిల్ల మనసు రోజురోజుకీ కుంగిపోయింది. బాగుందని, పోయిన వారం కంటే ఇంకా బాగుందని కాగితం మీద రాసిపెట్టింది నేను.

సంగతి ఇలా మొదలైంది. ఒకరోజు టిఫిన్ వేళకి హాస్టల్ భోజనాల గదిలోకి ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, కాటన్ చీర, మెడలో కార్డు. పంజాగుట్టలో తమకి చిన్న ఆఫీసు ఉందని, చదువుల్లో, ఉద్యోగాల వేటలో ఉన్న కుర్రవాళ్ల మీద ఒక పరిశోధన చేస్తున్నామని చెప్పింది. రోజూ పది నిమిషాలు ఫోన్‌లో ధ్యానం చేస్తే మనసు నిజంగా కుదుటపడుతుందా లేదా అని చూడాలట. మొత్తం ఆరు వారాలు. ప్రతి ఆదివారం ఫోన్‌లోనే ఇరవై ప్రశ్నలకి జవాబులు పెట్టాలి. సగం గదులు ధ్యానం చేస్తాయి, మిగతా సగం ఊరికే జవాబులు పెడతాయి, వాళ్ల వంతు తర్వాత వస్తుంది. ఏ గది ఏ వైపో చీటీలు తీసి చెబుతారు. ఆరు వారాలూ పూర్తి చేసినవాళ్లకి సర్టిఫికెట్ ఇస్తారు.

"తేడా ఏమీ లేకపోతే లేదనే మేం రాసుకుంటాం. మీరు ఉన్నదున్నట్టు చెప్తే చాలమ్మా," అంది చివర్లో. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. దాని ముందు మాట దగ్గరే మేమంతా ఆగిపోయాం.

సర్టిఫికెట్ అంటే అమీర్‌పేటలో ఏమిటో బయటివాళ్లకి చెప్పడం కష్టం. గోడ కనపడితే కోర్సు బోర్డు, మనిషి కనపడితే కరపత్రం. మెట్రో మెట్లు దిగి రోడ్డు దాటేలోపు చేతిలో నాలుగు పడతాయి. ఎక్కడ దేనికి కూర్చున్నా చివర ఒక కాగితం రావాలి, దాని మీద మన పేరుండాలి, రెజ్యూమెలో ఇంకో లైను పెరగాలి. మా గదిలోనే ఇద్దరు ఏ కోర్సూ సాంతం వినకుండా మూడేసి సర్టిఫికెట్లు సంపాదించారు. పరీక్షలో రాబోయే ప్రశ్నలూ వాటి జవాబులూ ముందే ఒక కట్టగా తిరుగుతుంటాయి. వాటిని డంప్స్ అంటారు. పరీక్ష పేరు చెబితే జిరాక్సు షాపు అన్న తలెత్తకుండానే తీసిచ్చేవాడు. క్లాసుకి రానివాళ్ల హాజరు వచ్చినవాళ్లు వేసేవాళ్లు, అది ప్రాక్సీ. ఇవేవీ మాకు తప్పుగా అనిపించేవి కావు. వానలో తడుస్తున్నవాళ్లని గొడుగు కిందికి పిలిచినట్టే అనుకునేవాళ్లం.

నేను అప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటున్నాను. మాది సిరిసిల్ల. ఇంట్లో అందరూ మగ్గం మీద బతికినవాళ్లే, నాన్న మాత్రం టైలరింగ్‌లోకి దిగాడు. ఎదుటివాళ్ల తప్పు పట్టుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య అని మా అమ్మ అనేది, మెచ్చుకుంటూ కాదు. టెస్టింగ్‌లో మొదట నేర్పేది పట్టిక రాయడం. ఏది నొక్కితే ఏం రావాలో ముందే ఒక వరసలో రాసుకుని, తర్వాత నొక్కి చూడాలి. నాకా పట్టికలు బాగా కుదిరేవి. మా సారు ఒకసారి నాది తీసుకెళ్లి బ్యాచ్ మొత్తానికి చూపించాడు. ఆ గొప్ప నెత్తికెక్కింది.

చీటీల్లో మా గదికి ధ్యానం వచ్చింది, పక్క గదికి రాలేదు. "మీకేమో ధ్యానం ఇచ్చిన్రు, మాకు ఉత్త ప్రశ్నలిచ్చిన్రు," అని పక్క గది అమ్మాయి వారం రోజులు మొహం ముడుచుకుంది. మొదటి మూడు రోజులు మేం బుద్ధిగానే కూర్చున్నాం. నాలుగో రోజుకి బుద్ధి సడలింది. మా అంతస్తులో పద్దెనిమిది మందికి రెండు బాత్రూంలు. కళ్లు మూసుకుని పది నిమిషాలు కూర్చుంటే మన బకెట్ ముందుకి నాలుగు బకెట్లు వచ్చి చేరతాయి. ఆ సంగతి తెలిసి ఊపిరి మీద మనసు పెట్టగలిగినవాళ్లకి అసలు ధ్యానంతో పనే లేదు. నా పైమంచం గుంటూరు అమ్మాయి తేల్చి పారేసింది. "ఏంటే ఈ గోల? ఒకళ్లం నొక్కితే అందరికీ అయిపోద్ది కదా," అంది.

నొక్కడానికి కిటికీ పక్క పిల్ల ఒప్పుకుంది. "నేను ఎట్లైనా లేస్త గద అక్కా, అందరియి నేనే నొక్కుత తియ్," అంది. ఆమె దేనికైనా అలాగే ఒప్పుకునేది. మేం దాన్ని మంచితనం అనుకున్నాం. ఎవరికీ అడ్డు చెప్పలేనితనం కూడా అలాగే ఉంటుందని నాకు తట్టలేదు.

ఇక ఆదివారం ప్రశ్నలు. ఈ వారంలో ఎన్ని రోజులు హుషారుగా లేచారు, చేసే పని మీద మనసు నిలిచిందా, నలుగురిలో కూర్చోవాలనిపించిందా, ఇట్లాంటివి. సున్నా నుంచి ఐదు దాకా ఏదో ఒకటి పెట్టాలి. మొదటి ఆదివారం ఎవరికి తోచింది వాళ్లు పెట్టారు. రెండో ఆదివారం గదిలో కలకలం లేచింది. "నాకు పోయినసారి కంటే తక్కువొచ్చింది, సర్టిఫికెట్ ఇస్తారంటావా?" అని గుంటూరు అమ్మాయి గోళ్లు కొరుక్కుంది. ఇంకొకామె లాగౌట్ అయి మళ్లీ మొదటి నుంచి రాయొచ్చా అని అడిగింది. ఇరవై ప్రశ్నలు, పక్కన అంకెలు, చివర సర్టిఫికెట్. ఇది పరీక్ష కాకుండా మరొకటి అయ్యే అవకాశం ఉందని మాలో ఒక్కరికీ తోచలేదు.

"ఆగుండ్రి, నేను జేస్త," అన్నాను. ఎవరూ అడక్కుండానే అన్నాను.

రెండు గంటలు కూర్చుని పట్టిక వేశాను. ఆరు నిలువు గళ్లు, ఇరవై అడ్డగళ్లు, మిగిలిన వారాలకి వారానికో కాగితం. అంకెలు ఒక్కసారే పెరిగితే అనుమానం వస్తుంది కాబట్టి మెల్లగా పెంచాను. అందరికీ ఒకేలా ఉండకూడదని ఒకరికి నిద్ర బాగుపడేట్టు, ఒకరికి చిరాకు తగ్గేట్టు రాశాను. గుంటూరు అమ్మాయికి మూడో వారంలో కాస్త తగ్గించి నాలుగో వారంలో లేపాను, నిజం మనుషులకి అలాగే ఉంటుందని. కిటికీ పక్క పిల్లది నాలుగో గడి. "నీది ఎట్లాగూ దిగులు మొహమే. నీకు ఒకటితోని మొదలుపెడ్త, లాస్టుకు ఐదు జేస్త," అని ఆటపట్టించాను. ఆమె నవ్వింది. గది మొత్తంలో ఎక్కువ బాగుపడాల్సింది ఆమే అని నేనే నిర్ణయించాను. జిరాక్సు షాపులో ఆరేసి కాపీలు తీయించి పంచాను.

ఇరవయ్యో ప్రశ్న ఒక్కటి అంకెల్లో ఉండేది కాదు. మా తరఫున ఒకరు ఫోన్ చేసి మీతో మాట్లాడితే బాగుంటుందనిపిస్తోందా, అవునా కాదా అని ఉండేది. అవును అని పెడితే ఒక కౌన్సెలర్ ఫోన్ చేస్తుందని ఆ పరిశోధన మేడం మొదటి రోజే చెప్పింది. నా పట్టికలో ఆరుగురికీ, అన్ని వారాలకీ కాదు. ఫోన్ వస్తే మాటల్లో మాటగా ఎవరో ఒకరు నోరు జారతారు, గది మొత్తం దొరికిపోతుంది. ఆ పట్టికలో నేను ఒక్కసారి కూడా ఆలోచించకుండా నింపిన వరస అదే.

మూడో ఆదివారం మధ్యాహ్నం, అన్నాలు తిన్నాక, ఆ పిల్ల ఫోన్ పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చింది. నేను ల్యాప్‌టాప్‌లో మాక్ ఇంటర్వ్యూకి జవాబులు టైపు చేసుకుంటున్నాను.

"అక్కా, గీ లాస్టు దానికి అవును పెట్టొచ్చా?"

"ఏ, వద్దు. కాదు అనే పెట్టు. ఫోన్ చేసి సతాయిస్తరు."

"సరే అక్కా," అని వెళ్లిపోయింది. నేను టైపు చేస్తున్న వాక్యం మధ్యలో ఆగను కూడా ఆగలేదు.

ఐదో వారంలో మేడం నాకు ఫోన్ చేసింది. హాస్టల్ తరఫున మాట్లాడ్డానికి మొదటి రోజు నా నంబరే ఇచ్చాం. "మీ గది చాలా బాగా చేస్తోందమ్మా. అన్ని గదుల్లోకీ మీదే ముందుంది. రేపు ఒకసారి మా ఆఫీసుకి రాగలరా? మీకు ఏ విధంగా ఉపయోగపడిందో మావాళ్లకి మీ మాటల్లో చెప్తే బాగుంటుంది," అంది. సిగ్గులేకుండా మురిసిపోయాను. దొరికిపోతామేమో అన్న భయం కూడా రాలేదు. నా పట్టిక అంత పకడ్బందీగా ఉందన్న సంతోషమే వచ్చింది. రాత్రి భోజనంలోపు ఒక పేజీ రాసుకున్నాను. ఇంతకుముందు చిన్నదానికీ పెద్దదానికీ కోపం వచ్చేదని, ఇప్పుడు రావడం లేదని. గదిలో చదివి వినిపిస్తే అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. కిటికీ పక్క పిల్ల కూడా నవ్విందనే గుర్తు. సరిగ్గా చెప్పలేను.

మర్నాడు పదిన్నరకి బయల్దేరాను. పంజాగుట్ట మా హాస్టల్‌కి దగ్గరే, నడిచేద్దామనుకున్నాను. అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్ల కింద నీడలో ఒక దిమ్మ ఉంది. దాని మీద ఆ పిల్ల కూర్చుని ఉంది. బ్యాగు ఒళ్లో ఉంది, చేతులు బ్యాగు మీద ఉన్నాయి. ఆ వేళకి ఆమె జావా క్లాసులో ఉండాలి.

"క్లాసు లేదా?" అన్నాను.

"ఉంది."

"మరి గీడ కూసున్నవ్?"

"పోతలే అక్కా."

"ఇయ్యాల ఒక్కరోజేనా?"

"రెండు వారాలు దాటింది."

రోజూ మాతో పాటే తయారై, బ్యాగు తగిలించుకుని, మాకు చెప్పి బయల్దేరే పిల్ల. నాకేం అర్థం కాలేదు. రోజంతా ఏం చేస్తున్నావని అడిగాను. "పొద్దుగాల ఈడ కూసుంట. గార్డు లేపితే పంజాగుట్ట స్టేషన్ దాంక నడుస్త. జర సేపు ఆడ కూసోని మల్ల వస్త," అంది. అదేదో డ్యూటీ చెప్పినట్టే చెప్పింది. క్లాసులో అందరూ ఇంజనీరింగ్ చేసినవాళ్లని, ఒక్క ముక్క సమజైతలేదని, సారు లేపి అడిగితే నోరు పెగలడం లేదని చెప్పింది. పొద్దున్న లేస్తేనే గుండె దడదడ కొట్టుకుంటోందట. అన్నం సయిస్తలేదట. ఇంట్లో చెప్పలేదు. వాళ్ల నాయిన అందరికీ బిడ్డ కంప్యూటర్ నేర్చుకుంటున్నదని చెప్పుకుంటుంటే ఏమని చెప్పాలి అంది.

టైం పదకొండు కావస్తోంది. "సాయంత్రం మాట్లాడుకుందాం, ఫికర్ చెయ్యకు," అని చెప్పి నేను వెళ్లిపోయాను. కోపం తగ్గిందని రాసుకున్న పేజీ నా బ్యాగులో ఉంది, అవతల నన్ను మెచ్చుకోవడానికి పిలిచినవాళ్లు ఎదురుచూస్తున్నారు. అందుకని ఆమెని అక్కడే వదిలేసి వెళ్లాను. ఈ నాలుగు వాక్యాలూ రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆఫీసు పంజాగుట్ట చౌరస్తా దాటాక, ఎర్రమంజిల్ వైపు వెళ్లే దారిలో ఒక పాత భవనం రెండో అంతస్తులో ఉంది. కింద చీరల దుకాణం. మేడంతో పాటు కంప్యూటర్ ముందు ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. టీ తెప్పించారు. మేడం తెర నా వైపు తిప్పి చూపించింది. పేర్లు లేవు, నంబర్లే. మా గదివి ఆరు గీతలు.

"ఈ నాలుగో గీత చూడండి. ఎంత కింద మొదలై ఎక్కడికొచ్చిందో. ఎవరో మీరు చెప్పకూడదు, నేను అడగకూడదు. కానీ ఇలాంటి ఒక్కళ్లకి మేలు జరిగినా మా కష్టానికి ఫలితం దక్కినట్టే అనిపిస్తుంది," అంది. ఆమె కళ్లలో నిజమైన సంతోషం ఉంది.

ఆ గీత నేను గీసింది. ఒకటితో మొదలుపెట్టి ఐదు చేస్తానని నవ్వుతూ గీశాను. ఆ గీత తాలూకు మనిషిని ఇందాకే మెట్రో మెట్ల కింద చూసి వచ్చాను. అప్పుడు గుర్తొచ్చింది ఆ ఆదివారం. క్లాసు మానేసిన వారంలోనే ఆమె నా దగ్గరికి వచ్చింది. ఏ జవాబు రాస్తే సరిపోతుందని అడగడానికి కాదు. ఎవరితోనైనా మాట్లాడొచ్చా అని అడగడానికి వచ్చింది. నేను వద్దన్నాను.

"మేడం, గవన్నీ నేనే రాసిన," అన్నాను.

ఆమెకి మొదట అర్థం కాలేదు. బ్యాగులోంచి పట్టిక తీసి బల్ల మీద పెట్టాను. చూసింది. మళ్లీ చూసింది. "మరి ధ్యానం?" అని అడిగింది. "అది సుత ఫోన్లే చేసినయి మేడం," అన్నాను. కంప్యూటర్ ముందు కుర్రాడు ఫక్కున నవ్వి, మేడం మొహం చూసి ఆపేశాడు. ఆమె అరవలేదు. కుర్చీలో వెనక్కి వాలింది. ఒక్కసారిగా అలసిపోయినట్టు కనపడింది.

"మీ గదిని తీసేయాలి. ఇంకా ఎన్ని గదులు ఇట్లా చేశాయో ఇప్పుడు మొదటి నుంచి చూసుకోవాలి," అంది. తర్వాత అడిగింది, "దీన్ని పరీక్ష అనుకున్నారా మీరు?"

"సర్టిఫికెట్ అన్నరు గద మేడం."

ఆమె నోట్‌బుక్ తెరిచి ఏదో రాసుకుంది. "అది మా పొరపాటు," అంది.

నాకు వాళ్ల పరిశోధన ఏమైనా ఫరవాలేదు అప్పుడు. "ఆ నాలుగో నంబరుకు ఇయ్యాలనే ఫోన్ చేపియ్యండి మేడం. రెండు వారాల కిందనే అడుగుదామనుకున్నది. నేనే వద్దన్న," అని చెప్పాను. మేడం ఈసారి నన్ను నిదానంగా చూసింది.

"తప్పకుండా చేయిస్తాను. కానీ ఆమె అడగాలి. ఇన్నాళ్లూ ఆమె బదులు మీరే చెప్పారు. ఇది కూడా మీరే చెప్తే ఎట్లా? వెళ్లి తీసుకురండి. రానంటే నా నంబరు ఇవ్వండి," అంది.

పరుగులాంటి నడకతో అమీర్‌పేట వచ్చాను. మెట్ల కింద దిమ్మ ఖాళీగా ఉంది. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. స్టేషన్‌కి అన్ని వైపులా మెట్లున్నాయి. ఒక్కో వైపూ దిగి చూశాను. కరపత్రాలు పంచే ఆయన డెమో క్లాసు ఉందంటూ చేతిలో కాగితం పెట్టబోతే విసిరికొట్టాను, పాపం ఆయనేం చేశాడని. గార్డుని అడిగితే రోజూ కూర్చునే అమ్మాయేనా, ఇప్పుడే లేపానని చెప్పాడు. ఆ గార్డుకి తెలిసిన మాత్రం నాకు తెలియలేదు. మళ్లీ పంజాగుట్ట వైపు మెట్రో స్తంభాల పక్క ఫుట్‌పాత్ మీద వెతుక్కుంటూ వెళ్లాను. ఒక మనిషి కోసం అంత భయపడటం నాకు అదే మొదటిసారి. పంజాగుట్ట స్టేషన్ కింద నిలబడి సీసాలో నీళ్లు తాగుతూ కనపడింది. ఎండకి మొహం ఎర్రబడి ఉంది.

"నాతోని రా," అన్నాను.

"యాడికి?"

"ఆఫీసుకు. నీ జవాబులు నువ్వే పెట్టుకోవాలె."

ఎందుకని అడగలేదు. వచ్చింది.

మేడం ఆమెని పక్కన కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఇష్టమైతేనే రాయమని, ఏది రాసినా ఫరవాలేదని చెప్పి ఒక కాగితం ఇచ్చింది. అవే ఇరవై ప్రశ్నలు. నేను ఎదురుగా కూర్చున్నాను. ఆమె మొదటి ప్రశ్న చదివి పెన్ను ఎత్తి నా మొహం చూసింది. రెండో ప్రశ్నకీ చూసింది. ఎంత పెట్టమంటావని అడుగుతున్న చూపు అది. నేను లేచి బయటికెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. అరగంట పట్టింది. మేడం బయటికొచ్చి, రేపు తొమ్మిదింటికి కౌన్సెలర్ ఫోన్ చేస్తుందని మాత్రం చెప్పింది.

సాయంత్రం గదిలో చెప్పాను. "నీకేం పోయేకాలం వచ్చిందే, అందరి సర్టిఫికెట్లూ పోగొట్టావు," అని గుంటూరు అమ్మాయి ఇంత ఎత్తున లేచింది. నేను మాత్రం తక్కువ తిన్నానా, అంతకంటే గట్టిగా అరిచాను. అరిచినంతసేపూ వాళ్ల కోపం సబబే అని తెలుస్తూనే ఉంది. పది రోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు. బాత్రూం వరసలో నా బకెట్ ఎప్పుడు చూసినా చివర్లోనే ఉండేది.

ఆ పరిశోధనలో చివరికి ఏం తేలిందో నాకు తెలియదు. ఉద్యోగం వచ్చి, ఎర్రమంజిల్‌లో ఆఫీసు స్నేహితురాలితో కలిసి గది తీసుకున్నాక ఆ యాప్ మళ్లీ తెరిచాను. ఈసారి నిజంగా కూర్చున్నాను. మొదటి వారమంతా పప్పులో ఉప్పు వేశానా లేదా అన్న ధ్యాసే. నెల తిరిగేసరికి కొంచెం నయం. కోపం తగ్గలేదు, వచ్చే ముందు తెలుస్తోంది. ఎవరైనా అడిగితే పనిచేసిందనే చెబుతాను, మరీ గొప్పగా ఏమీ కాదని కూడా చెబుతాను. ఆ పిల్ల జావా మానేసింది. కౌన్సెలర్‌తో మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకరోజు ఇంటికి ఫోన్ చేసి చెప్పేసింది. నెల రోజులు ఊళ్లో ఉండి వచ్చి, ఖైరతాబాద్‌లో ఒక రక్తపరీక్షల సెంటర్‌లో రిసెప్షన్ ఉద్యోగంలో చేరింది. బాగానే ఉంది. కనపడితే పలకరిస్తుంది.

ఇక చెప్పాల్సి మిగిలింది, మేం ఆఫీసుకి వెళ్లొచ్చిన మర్నాటి పొద్దు. తొమ్మిదింటికి ఫోన్ మోగితే ఆమె డాబా మీదికి వెళ్లింది. నేను మా ఇద్దరి తడిబట్టలూ ఒకే బకెట్లో వేసుకుని వెనకే వెళ్లి, మెట్ల గది తలుపు దగ్గర నిలబడ్డాను. మాటలు వినపడలేదు. నీళ్ల ట్యాంకు అవతల అటూ ఇటూ నడుస్తూ ఆమె మాట్లాడుతూనే ఉంది. మూడు నెలలు ఒకే గదిలో ఉన్నాం, ఆమె అంతసేపు మాట్లాడటం నేను అంతకుముందు చూడలేదు. ముప్పావు గంట తర్వాత ఫోన్ జేబులో పెట్టుకుని వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి, మొహం తేటగా ఉంది. బకెట్లోంచి ఒక తువ్వాలు తీసి పిండింది.

"అయిందా?" అన్నాను.

"అయింది. మల్ల గురువారం చేస్తదట."

"ఏమన్నది?"

"ఎక్కువ ఏమనలే. అడిగింది, నేను చెప్పిన."

తువ్వాలు తాడు మీద వేసి, కొసలు సరిచేస్తూ అంది, "నీకే చెప్దామనుకున్న అక్కా. గా ఆదివారం నువ్వు జర తలెత్తి సూస్తే చెప్తుంటి."

అందులో నిష్ఠూరం ఏమీ లేదు. ఏడుపొచ్చింది. ఆపుకుని, "ఇప్పుడు చెప్పు, వింట," అన్నాను.

"ఇప్పుడు ఆమెకు చెప్పిన గద అక్కా," అని, ఆమె వంగి బకెట్లోంచి ఇంకో బట్ట తీసుకుంది.